జాగ్రత్త ఒక్కటే సరిపోదు: వ్యవసాయ యంత్రాల దగ్గర ప్రమాదం ఎలా జరుగుతుంది

ఇంజిన్ బలాన్ని పనిముట్టుకు అందించే పీటీవో షాఫ్టు ట్రాక్టర్ వెనకాల తిరుగుతున్నప్పుడు కాస్త దూరం నుంచి చూస్తే అది తిరుగుతున్నట్టే తెలియదు. ఇనుప గొట్టం ఒకటి సన్నగా వణుకుతూ ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది నిమిషానికి 540 చుట్లు తిరుగుతోంది, అంటే సెకనుకు 9 చుట్లు. పెద్ద ట్రాక్టర్లలో నిమిషానికి 1000 చుట్లు తిరిగేవీ ఉంటాయి. ఆ గొట్టం చుట్టుకొలత 20 సెంటీమీటర్లు అనుకుందాం. వదులుగా వేలాడే చొక్కా అంచు దానికి తగులుకుంటే సెకనులో 1.8 మీటర్ల గుడ్డ చుట్టుకుపోతుంది. ఏదో లాగుతోందని ఒంటికి తెలిసి, అదేమిటో అర్థమై, మనిషి వెనక్కి తగ్గడం మొదలుపెట్టేసరికి సుమారు ముప్పావు సెకను పడుతుంది. ఆలోపే 1.3 మీటర్ల గుడ్డ షాఫ్టు మీదికి వెళ్లిపోయి ఉంటుంది. మనిషి చెయ్యి పొడవు అందులో సగం.

అక్కడితో అయిపోదు. ఒక్కో చుట్టు పడేకొద్దీ షాఫ్టు లావెక్కుతుంది, లావెక్కేకొద్దీ ఇంకా వేగంగా లాగుతుంది. పట్టు కూడా బిగుస్తుంది. గుంజకు తాడు రెండు చుట్లు తిప్పి కొస చేత్తో పట్టుకుంటే, అవతల ఎద్దు ఎంత గింజుకున్నా తాడు జారదు. చుట్టు చుట్టుకూ రాపిడి రెట్లు రెట్లుగా పెరగడమే అందుకు కారణం. షాఫ్టు మీద పడిన గుడ్డదీ అదే కథ. రెండు చుట్లు పడ్డాక బట్ట చిరిగితేనే మనిషి బయటపడతాడు. పాతబడి పీలికలయ్యే చొక్కా ఒక్కోసారి ప్రాణం నిలబెడుతుంది. గట్టి జీన్సు, నైలాన్ జాకెట్టు, మెడలో తువ్వాలు, టోపీ తాడు, విరబోసిన జుట్టు మాత్రం అంత తేలిగ్గా వదలవు.

ఈ లెక్కతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. యంత్రాల దగ్గర జాగ్రత్తగా ఉండాలని అందరూ చెబుతారు, వినేవాళ్లూ తల ఊపుతారు. ఆ మాటలో తప్పేమీ లేదు. అయితే ప్రమాదం నడిచే వేగానికి, మనిషి స్పందించే వేగానికి పొంతనే లేదు. బలం సంగతి తీసుకున్నా అంతే. ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజంతా చేయగలిగే పని సుమారు హార్స్ పవర్‌లో పదో వంతు. 40 హార్స్ పవర్ ట్రాక్టర్ లాగితే 400 మంది కలిసి లాగినట్టు. అందుకే పని జరుగుతున్నప్పుడు కళ్లు తెరుచుకుని ఉండటం కన్నా, పని మొదలయ్యే ముందే యంత్రాన్ని ఏ స్థితిలో పెట్టామన్నదే ప్రాణం కాపాడుతుంది. కవరు ఉందా, ఇంజిన్ ఆగిందా, తాళం ఎవరి జేబులో ఉంది, నెత్తి మీద రోల్ బార్ (బండి తిరగబడితే డ్రైవరును కాపాడే ఇనుప చట్రం) ఉందా అన్నవి చిన్న ప్రశ్నల్లాగే కనిపిస్తాయి. అయినా పొలంలో జరిగే పెద్ద ప్రమాదాల్లో చాలావాటి మూలం వీటిలో ఏదో ఒకదాని దగ్గరే ఉంటుంది.

కవరు ఉంటే సరిపోతుందా

షాఫ్టుకు కంపెనీ నుంచి వచ్చే ప్లాస్టిక్ కవరు చూడటానికి సాదా వస్తువు. ఒకదాంట్లో ఒకటి జారే రెండు గొట్టాలు, రెండు కొసల్లో జాయింట్లను కప్పే గంట ఆకారపు మూతులు, అంతే. తెలివంతా లోపల ఉంది. ఆ కవరు షాఫ్టుకు బిగించి ఉండదు, చిన్న బేరింగుల మీద విడిగా కూర్చుంటుంది. ఒక సన్న గొలుసు దాన్ని ట్రాక్టర్‌కో పనిముట్టుకో కట్టి ఉంచుతుంది. లోపల షాఫ్టు ఎంత వేగంగా తిరిగినా పైన కవరు కదలదు. గొలుసు తెగి కవరు షాఫ్టుతో పాటు తిరుగుతున్నా, మనిషి తగలగానే కవరు ఆగిపోతుంది, లోపల షాఫ్టు తన మానాన తాను తిరుగుతుంది.

బేరింగుల్లో బురద ఎండి బిగుసుకుపోతే ఈ రక్షణ పోతుంది. అప్పుడు కవరు షాఫ్టుకు అతుక్కుని దానితో పాటే తిరుగుతుంది, మనిషి తగిలినా ఆగదు. మామూలు షాఫ్టు కన్నా లావుగా ఉంటుంది కాబట్టి సెకనుకు ఇంకా ఎక్కువ గుడ్డను లాగుతుంది. పైగా కవరు ఉందన్న ధైర్యంతో మనిషి దాని దగ్గరికి వెళతాడు. బిగుసుకుపోయిన కవరును ఏ కవరూ లేనట్టే లెక్కగట్టాలి. పరీక్ష నిమిషం పని: ఇంజిన్ ఆపి, తాళం తీసి, కవరును చేత్తో తిప్పి చూడాలి. షాఫ్టు కదలకుండా కవరు ఒక్కటే సులువుగా తిరిగితే బాగున్నట్టు. పగుళ్లున్నా, మూతి విరిగినా, ఒకవైపు షాఫ్టుకు రాసుకుంటున్నా మార్చేయాల్సిందే.

జాయింటు దగ్గర ఇంకో చిన్న మోసం ఉంది. బరువు మితిమీరినప్పుడు ముందుగా తెగిపోయి గేరు బాక్సును కాపాడటానికి కొన్ని షాఫ్టులకు షియర్ బోల్టు పెడతారు. అది తెగినప్పుడు సరైన సైజు దొరక్క చేతికందిన పొడుగు బోల్టు బిగించేస్తుంటారు. బయటికి పొడుచుకొచ్చిన ఆ కొస సెకనుకు 9 సార్లు తిరిగే కొక్కెం అవుతుంది. నున్నటి షాఫ్టు మీద జారిపోయే గుడ్డను కూడా అది పట్టేసుకుంటుంది. గట్టి బోల్టు వేస్తే ఇంకో నష్టం, తెగాల్సిన చోట తెగక దెబ్బ గేర్ల మీద పడుతుంది.

అసలు కవర్లు ఎందుకు మాయమవుతాయో ఒప్పుకోవాలి. చాలా షాఫ్టుల్లో గ్రీజు ఎక్కించే చిన్న మొన, అంటే గ్రీజు నిపుల్, కవరు కిందే ఉంటుంది. రోజూ గ్రీజు కొట్టాలంటే రోజూ కవరు ఊడదీయాలి. పది రోజులు ఊడదీసి పెట్టినవాడు పదకొండో రోజు పక్కన పడేస్తాడు. దీన్ని పనివాడి నిర్లక్ష్యమని తీసిపారేయడం అన్యాయం. కవరులో చిన్న కిటికీ పెట్టి, దాన్ని ఊడదీయకుండానే గ్రీజు గన్ అందేలా తయారుచేసిన షాఫ్టులు ఉన్నాయి. కొనేటప్పుడు హార్స్ పవర్ ఎంత, మైలేజీ ఎంత అని అడిగినట్టే గ్రీజు ఎక్కడి నుంచి కొట్టాలని కూడా అడగాలి. వాడుకలో ఇబ్బంది పెట్టే రక్షణ ఎక్కువ కాలం నిలవదు.

ఏదో ఇరుక్కున్నప్పుడు

యంత్రం సాఫీగా నడుస్తున్నంతసేపు మనిషి సీటులో ఉంటాడు. ఏదో అడ్డం పడ్డప్పుడే కిందికి దిగుతాడు. మట్టిని గుల్లచేసే రోటవేటర్ బ్లేడ్లకు తీగలు, పాత ప్లాస్టిక్ తాడు చుట్టుకుంటాయి. నూర్పిడి మిషన్ నోట్లో తడి మోపు ఇరుక్కుంటుంది. గడ్డిని కట్టలు కట్టే బేలర్ ముందు గడ్డి కుప్పపడుతుంది, హార్వెస్టర్ కోత భాగంలో పైరు ముద్దకడుతుంది. అప్పుడు ఇంజిన్ ఆపడం అనవసరమైన ఆలస్యంలా అనిపిస్తుంది. మబ్బు కమ్ముతోంది, అవతల ఇంకొకరి పొలం ఎదురుచూస్తోంది, బ్యాటరీ వీక్‌గా ఉంది, మళ్లీ స్టార్ట్ అవుతుందో లేదో. పైగా తిరుగుతున్నప్పుడే చేత్తో కాస్త లాగినా కాలితో తన్నినా అడ్డం త్వరగా పోతుందన్న అనుభవం ఉంటుంది.

నిజమే, త్వరగా పోతుంది. ప్రమాదం ఆ త్వరలోనే ఉంది. ఇరుక్కున్న మోపు కొస చేత్తో పట్టుకుని లాగుతున్న మనిషి రోలరుకు మీటరు దూరంలో ఉన్నాడనుకుందాం. అడ్డం ఒక్కసారిగా వదిలి, రోలరు దాన్ని సెకనుకు మూడు మీటర్ల వేగంతో లోపలికి లాక్కుంటే ఆ మీటరు దూరం సెకనులో మూడో వంతులో కరిగిపోతుంది. గట్టిగా బిగించిన పిడికిలి తెరవాలన్న ఆలోచన రావడానికే అంతకన్నా ఎక్కువ సమయం కావాలి.

ఇంజిన్ ఆపినా వెంటనే చెయ్యి పెట్టకూడదు. నూర్పిడి డ్రమ్ముకు, గడ్డి కోసే మిషన్ చక్రానికి చాలా బరువు ఉంటుంది. ఇంజిన్ ఆగాక కూడా అవి కొంతసేపు తిరుగుతూనే ఉంటాయి. ఇక్కడ చెవులు మోసం చేస్తాయి. అంతసేపూ హోరుమన్న చప్పుడు ఆగగానే అంతా ఆగిపోయిందనిపిస్తుంది, లోపల బ్లేడు మాత్రం చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంటుంది. బయటికి కనిపించే పుల్లీనో బెల్టునో కళ్లతో చూసి, అది ఆగిందని తేల్చుకున్నాకే మూత తెరవాలి. అడ్డం వల్ల ఆగిపోయిన యంత్రంలో ఇంకో గుణం ఉంది. బెల్టు, స్ప్రింగు, నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ సిలిండరు అప్పటికే లాగిపట్టి ఉంటాయి. ఇరుక్కున్న రాయినో తాడునో తీసిన క్షణంలో ఆ బిగువంతా వదిలి బ్లేడు పావు చుట్టు తిరుగుతుంది. వేలు తెగడానికి పావు చుట్టు చాలు. పీటీవోను ఇంజిన్ నుంచి విడదీసి, పనిముట్టును నేలకు దించి, బ్లేళ్ల దగ్గర చెయ్యి బదులు కర్రనో ఇనుప కొక్కేన్నో వాడటం అందుకే.

బ్రిటన్‌లో పని భద్రతను చూసే హెచ్ఎస్ఈ అనే ప్రభుత్వ సంస్థ రైతులకు చెప్పే పద్ధతి ఒకటుంది, దాన్ని సేఫ్ స్టాప్ అంటారు. హ్యాండ్ బ్రేకు వేయడం, గేర్లు, కంట్రోళ్లు న్యూట్రల్‌లో పెట్టడం, ఇంజిన్ ఆపడం, తాళం తీయడం. నాలుగే పనులు. వీటిలో తాళం తీయడం మీదే జనానికి నమ్మకం తక్కువ. ఇంజిన్ ఎలాగూ ఆగింది కదా, ఇంక తాళంతో పనేముందని అడుగుతారు. ఇద్దరు కలిసి పనిచేసే చోట అది తెలుస్తుంది. ఒకరు హార్వెస్టర్ లోపలికి వంగి పైరు ముద్దను లాగుతున్నారు. బయటికి కాళ్లు తప్ప ఏమీ కనిపించవు. ఇంకొకరు నీళ్లు తాగి అవతలి వైపు నుంచి వచ్చి సీటెక్కి, పని అయిపోయిందనుకుని సెల్ఫ్ కొడతారు. ఇద్దరిలో ఎవరూ అజాగ్రత్త మనుషులు కారు. లోపల వంగినవాళ్ల జేబులోనే తాళం ఉండి ఉంటే అది జరగదు. యంత్రంలోకి చెయ్యి పెట్టేవాళ్ల దగ్గరే తాళం ఉండాలన్నదే నియమం.

మోపు చేత్తో అందించే నూర్పిడి మిషన్లకు ఇంకో రక్షణ ఉంది, దూరం. మోపు వేసే తొట్టి మనిషి చెయ్యి కన్నా పొడవుగా ఉండి, పైన మూత ఉంటే, పొరపాటున కాలు జారి ముందుకు పడినా వేళ్లు డ్రమ్మును చేరవు. తొట్టి పొట్టిగా ఉంటే ఎంత నేర్పరి అయినా అదృష్టం మీద ఆధారపడి పనిచేస్తున్నట్టే. రాత్రి పొద్దుపోయాక, పదో గంట పనిలో, మసక వెలుతురులో ఆ తేడా ఇంకా పెద్దదవుతుంది.

ట్రాక్టర్ తిరగబడే తీరు

ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుందంటే చాలామంది ఏటవాలు నేల మీద మాత్రమే అనుకుంటారు. చదునైన పొలంలోనూ తిరగబడుతుంది. ఇంజిన్ బలం వెనక ఇరుసు ద్వారా చక్రాలను తిప్పుతుంది. చక్రాలు తిరిగినంతసేపు బండి ముందుకు పోతుంది. బురదలో కూరుకుపోయో, మితిమీరిన బరువు లాగుతూనో చక్రాలు తిరగలేని స్థితి వస్తే ఆ బలం ఎక్కడికి పోవాలి? చక్రం ఇరుసు చుట్టూ తిరగలేనప్పుడు, ఇరుసు చుట్టూ ట్రాక్టరే తిరగడం మొదలుపెడుతుంది, ముందు భాగం గాల్లోకి లేస్తుంది. ముప్పావు సెకనులో వెనక్కి రాలేని చోటికి చేరుతుంది. మొత్తం తిరగబడటానికి సెకనున్నర. క్లచ్ నొక్కితే ఆగుతుందన్నది నిజమే, కానీ ముందు చక్రాలు లేచాయని గమనించి కాలు క్లచ్ మీద పడేసరికి ఆ ముప్పావు సెకను అయిపోతుంది.

దీన్నుంచి తేలేవి మూడు నాలుగు సంగతులు. లాగే బరువును ఎప్పుడూ డ్రాబార్‌కే, అంటే ట్రాక్టర్ వెనక కింద లాగడం కోసమే ఉండే ఇనుప కడ్డీకే తగిలించాలి. పనిముట్టును పై నుంచి పట్టుకునే టాప్ లింక్ బ్రాకెట్‌కో, సీటు కింద ఇరుసు తొడుగుకో గొలుసు కట్టి మొద్దునో మరో బండినో లాగితే, ఆ గొలుసే ట్రాక్టర్‌ను వెనక్కి పడగొడుతుంది. బురదలో దిగబడ్డ వెనక చక్రాలకు అడ్డంగా కర్ర దుంగ కట్టి ముందుకు లాగించే అలవాటు చాలా చోట్ల ఉంది. అది చక్రాన్ని పూర్తిగా బిగించేసి, బలమంతా ట్రాక్టర్‌ను పైకి లేపడానికే వాడుతుంది. ఇంత ప్రమాదకరమైన చిట్కా ఇంకోటి లేదేమో. గుంటలోంచో దమ్ము చేసిన మడిలోంచో గట్టు ఎక్కాల్సి వస్తే, నేల అనుకూలిస్తే రివర్స్‌లో ఎక్కడం మేలు. లేదా ఇంకో ట్రాక్టర్‌తో లాగించుకోవాలి.

పక్కకు పడటం వేరు. మలుపులో బండిని బయటికి నెట్టే బలం వేగంతో మామూలుగా పెరగదు, వేగం రెండింతలైతే నాలుగింతలవుతుంది. 10 కిలోమీటర్ల వేగంతో సులువుగా తిరిగిన మలుపు 20 కిలోమీటర్లకు వేరే మలుపు. కాలువ గట్టు వెంట నడిపేటప్పుడు కాలువ ఎంత లోతో కనీసం అంత దూరం అంచుకు ఇవతల ఉండాలి, లేకపోతే చక్రం కింద మట్టి పెళ్లగా జారుతుంది. పొలంలో ఒక్కో చక్రానికి విడివిడిగా వాడే రెండు బ్రేకు పెడళ్లను రోడ్డెక్కే ముందు కలిపి లాక్ చేయాలి. మరిచిపోయి వేగంలో ఒక్క పెడలే తొక్కితే బండి ఉన్నచోటే గిర్రున తిరిగి పక్కకు పడుతుంది.

తిరగబడటాన్ని పూర్తిగా ఆపలేకపోయినా అందులో చావును ఆపవచ్చు. స్వీడన్ 1959 నుంచి కొత్త ట్రాక్టర్లకు రోల్ బార్ లేదా గట్టి క్యాబిన్ తప్పనిసరి చేసింది, తర్వాత పాత ట్రాక్టర్లకూ ఆ నియమం తెచ్చింది. అక్కడ ట్రాక్టర్ తిరగబడి చనిపోయేవాళ్లు దాదాపు లేకుండా పోయారు. అంతకు ముందూ ఆ తర్వాతా డ్రైవర్లు అదే మనుషులు, నేల అదే నేల. మారింది నెత్తి మీద ఉన్న ఇనుప చట్రం. రోల్ బార్‌తో పాటు సీటు బెల్టు కూడా పెట్టుకుంటే తిరగబడినప్పుడు మరణాలను సుమారు 99 శాతం ఆపగలదని అంచనా. బెల్టు లేకుండా రోల్ బార్ పూర్తిగా కాపాడలేదు. బండి పల్టీ కొట్టేటప్పుడు మనిషి సీటులోంచి విసిరేసినట్టు ఎగిరి, కాపాడాల్సిన ఆ చట్రం కిందే పడే అవకాశం ఉంది. రోల్ బార్ లేని పాత ట్రాక్టర్‌లో మాత్రం బెల్టు పెట్టుకోకూడదు, అది మనిషిని బండికి కట్టేసి దాని కింద నలిపేస్తుంది.

చెట్ల కింద తగులుతోందని మడిచిన రోల్ బార్‌ను మళ్లీ నిలబెట్టకపోవడం మామూలైపోయింది. మడిచి ఉన్నంతసేపు అది లేనట్టే. ఇంకొన్ని చోట్ల పైపులు వెల్డింగ్ చేయించి సొంతంగా చట్రం కట్టించుకుంటారు. కంపెనీ చట్రాన్ని ఎంత బరువు, ఎటు నుంచి పడితే ఎంత వంగాలో పరీక్షించి తయారుచేస్తారు. పరీక్ష లేని చట్రం నీడకు పనికొస్తుంది కానీ నాలుగు టన్నుల బరువు మీద పడ్డప్పుడు కాగితంలా మడతపడవచ్చు. ఉన్న రోల్ బార్‌కు కూడా రంధ్రాలు వేయడం, దాని మీద వెల్డింగ్ చేయడం దాని బలాన్ని తీసేస్తాయి.

సీటు పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని వెళ్లేవాళ్ల సంగతి ఇక్కడే చెప్పాలి. రోల్ బార్ కాపాడేది సీటులో బెల్టు పెట్టుకున్న ఒక్కరినే. మడ్‌గార్డు మీద కూర్చున్నవాళ్లు ఒక చిన్న గుంతకే జారి వెనక చక్రం కిందో, వెనకాల తిరిగే రోటవేటర్ కిందో పడతారు. చిన్నపిల్లలను సరదాగా ఎక్కించుకోవడం ప్రేమతో చేసే పనే, అందుకే ఎవరూ వద్దనరు. వద్దనాలి, గట్టిగా వద్దనాలి. ట్రాక్టర్‌కు ఒక్కటే సీటు ఉంది. రివర్స్ చేసే ముందు కూడా పిల్లలు ఎక్కడున్నారో కళ్లతో చూడాలి. ఇంజిన్ హోరులో పిల్లల కేక వినపడదు.

షెడ్డులో జరిగేవి

రిపేరు చేసేటప్పుడు యంత్రం ఆగి ఉంటుంది కాబట్టి భయం తగ్గుతుంది. కానీ ఆగిన యంత్రంలోనూ బలం దాగి ఉంటుంది. లిఫ్టు మీద లేపి ఉన్న పనిముట్టు కింద దూరి బ్లేడు బోల్టులు బిగించడం అందులో మొదటిది. ఆ బరువునంతా లోపల మూసుకుని ఉన్న నూనె మోస్తోంది. ఒక సీలు కారినా, ఎవరైనా లివర్ తాకినా అది కిందికి దిగుతుంది, ఇంజిన్ ఆగి ఉన్నా దిగుతుంది. జాకీ మీద లేపిన ట్రాక్టర్‌దీ అదే సంగతి. జాకీ లేపడానికే, నిలబెట్టడానికి స్టాండ్లు కావాలి, లేకపోతే బలమైన కర్ర దిమ్మెలు. ఇటుకలు, బొక్కలున్న సిమెంటు దిమ్మెలు ముందు ఏ సూచనా ఇవ్వకుండా ఒక్కసారిగా పగిలిపోతాయి. కర్ర అయితే విరిగే ముందు చిటపటమంటుంది.

హైడ్రాలిక్ లీకు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది గాయంలా కనిపించని గాయం చేస్తుంది. ట్రాక్టర్ హైడ్రాలిక్ పైపుల్లో నూనె 150 నుంచి 200 బార్ ఒత్తిడితో ఉంటుంది. మనిషి చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోవడానికి 7 బార్ చాలు. హోస్ పైపుకు గుండుసూది మొన అంత రంధ్రం పడితే అక్కడి నుంచి నూనె కంటికి కనపడని సన్నటి ధారగా దూసుకొస్తుంది. పైపు తడిగా ఉంది, ఎక్కడ కారుతోందో చూద్దామని చేత్తో తడుముతారు. వేలి మీద సూది గుచ్చినంత చిన్న చుక్క, కాస్త చురుక్కుమన్నట్టు ఉంటుంది, రక్తం కూడా సరిగా రాదు. గుడ్డతో తుడుచుకుని పనిలో పడతారు. లోపల నూనె వేలి పొరల వెంట అరచేతి దాకా వ్యాపించి ఉంటుంది. కొన్ని గంటల్లో వేలు ఉబ్బుతుంది, నొప్పి మొదలవుతుంది, లోపలి కండ చచ్చిపోవడం మొదలవుతుంది. ఆ నూనెను ఆపరేషన్ చేసి కడిగి తీయాల్సిందే, అదీ కొన్ని గంటల్లోనే, ఆలస్యమైతే వేలో చెయ్యో తీసేయాల్సి వస్తుంది. అందుకే గాయం ఎంత చిన్నదిగా కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లి, ఒత్తిడిలో ఉన్న నూనె లోపలికి పోయిందని ఆ మాటల్లోనే డాక్టరుకు చెప్పాలి. మామూలు గాటు అనుకుని కట్టు కట్టి పంపించేసే ప్రమాదం ఉంది. లీకు వెతకాలంటే అట్ట ముక్కను పైపు వెంట దూరంగా జరుపుతూ చూడాలి, ధార ఉంటే అట్ట మీద మరక పడుతుంది. డీజిల్ ఇంజెక్టర్ పైపుల దగ్గరా ఇదే నియమం, అక్కడ ఒత్తిడి ఇంకా ఎక్కువ.

సెల్ఫ్ పనిచేయనప్పుడు స్టార్టర్ మోటారు దగ్గర స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి నిప్పురవ్వలు తెప్పించి స్టార్ట్ చేయడం అందరికీ తెలిసిన చిట్కా. గేరులో ఉంటే స్టార్ట్ కాకుండా కంపెనీ పెట్టిన స్విచ్‌ను అది దాటేస్తుంది. ఆ పని చేసే మనిషి వెనక చక్రానికి ఎదురుగా, నేల మీద నిలబడి ఉంటాడు. ట్రాక్టర్ గేరులో ఉంటే ఇంజిన్ అందుకున్న మరుక్షణం బండి కదులుతుంది, పెద్ద చక్రం నేరుగా అతని మీదికి వస్తుంది. స్టార్టర్ రిపేరుకు పట్టే ఒక పూటను దీనితో పోల్చి చూసుకోవాలి.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. బ్యాటరీ ఊడదీసేటప్పుడు నెగెటివ్ వైరు ముందు తీయాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. ఛార్జింగ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దగ్గర బీడీ, నిప్పురవ్వ ఉండకూడదు. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తెరిస్తే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. టైరు అంచు రిమ్ముకు కూర్చోవడం లేదని గాలి కొట్టుకుంటూ పోకూడదు, 35 పీఎస్ఐ దాటినా కూర్చోకపోతే గాలి తీసి మళ్లీ సర్దాలి, లేకపోతే అంచు తెగి బాంబులా పేలుతుంది. హార్వెస్టర్‌లో సైలెన్సర్ చుట్టూ పేరుకున్న పొట్టును రోజూ ఊదేయాలి, పొలంలో యంత్రాలు కాలిపోయేది ఎక్కువగా దానివల్లే.

చెవుల సంగతి ఎవరూ పట్టించుకోరు. క్యాబిన్ లేని ట్రాక్టర్ సీటు దగ్గర చప్పుడు 90 డెసిబెల్స్ దాటడం మామూలే. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండవచ్చని, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గుతుందని అమెరికాలో పనిచేసే చోట ఆరోగ్యం, భద్రత మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ లెక్క. అంటే 94 దగ్గర గంట మాత్రమే. చెవుడు నెమ్మదిగా వస్తుంది, వచ్చాక పోదు. చెవుల్లో పెట్టుకునే చిన్న స్పాంజి బిళ్లలు దీన్ని ఆపుతాయి.

రోడ్డు మీద, తీగల కింద

ట్రాక్టర్‌ను వెనక నుంచి కార్లు ఢీకొట్టడానికి చీకటి ఒక్కటే కారణం కాదు, మనసు వేసే తప్పుడు లెక్క కూడా ఒక కారణం. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారుకు 150 మీటర్ల ముందు 80 కిలోమీటర్లతో ఇంకో కారు పోతుంటే, దాన్ని చేరడానికి 54 సెకన్లు పడుతుంది. అదే దూరంలో 25 కిలోమీటర్లతో ట్రాలీ పోతుంటే 8 సెకన్లే. దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. 1960ల్లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో కెన్ హార్క్‌నెస్ అనే ఇంజినీరు ఈ ఇబ్బంది కోసమే ఒక త్రిభుజం బోర్డు తయారుచేశాడు. మధ్యలో పగలు మెరిసే నారింజ రంగు, చుట్టూ రాత్రి లైటు పడితే వెలిగే ఎర్ర అంచు. ఇది నెమ్మదిగా పోయే బండి అని వెనక వచ్చేవాళ్లకు ఆ బోర్డు దూరం నుంచే చెబుతుంది. రంగు వెలిసి, దుమ్ము పట్టి, ట్రాలీ వెనక గడ్డి మోపులు కప్పేసిన బోర్డు ఏమీ చెప్పదు.

కరెంటు తీగల కింద స్ప్రేయర్ రెక్కలు, హార్వెస్టర్ గొట్టం, లేపిన ట్రాలీ తొట్టి తగిలే అవకాశం ఉంటుంది. తగిలితే సీటులోనే కూర్చుని ఉండటం అన్నిటికన్నా క్షేమం, కరెంటు తీసేశారని తెలిసేదాకా దిగకూడదు. మంటలు లేచి దిగక తప్పకపోతే, బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ దగ్గర పెట్టి దూకాలి. ఆ తర్వాత పెద్ద అంగలు వేయకుండా పాదాలు నేల మీద జరుపుకుంటూ దూరం పోవాలి. నేలలోకి దిగిన కరెంటు తగిలిన చోటి నుంచి దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. రెండు కాళ్లు దూరంగా ఉంటే వాటి మధ్య ఆ తేడా ఎక్కువై ఒంట్లోంచి పారుతుంది. బయట నిలబడ్డవాళ్లు సాయం చేద్దామని పరుగెత్తుకొచ్చి బండిని తాకకూడదు.

ఎవరైనా యంత్రంలో చిక్కుకుంటే చూసినవాళ్లు మొదట చేయాల్సింది ఇంజిన్ ఆపడం. అందుకోసం ఆ ఊళ్లో, ఆ పొలంలో పనిచేసే ప్రతి ఒక్కరికీ, డ్రైవింగ్ రానివాళ్లకు కూడా, ఆ ట్రాక్టర్ ఎలా ఆపాలో ముందే చూపించి ఉండాలి. పాత ట్రాక్టర్లు కొన్ని తాళం తిప్పితే ఆగవు, డీజిల్ ఆపే పుల్ రాడ్ లాగాలి. ఆ సంగతి డ్రైవరు ఒక్కడికే తెలిసి, అతనే చిక్కుకుంటే? ఇంజిన్ ఆపాక బయటికి తీద్దామని యంత్రాన్ని వెనక్కి తిప్పకూడదు, గాయం రెండింతలవుతుంది. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో వదలకుండా అదిమి పట్టుకోవాలి. వేలు తెగి పడితే దాన్ని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచు నీళ్లలో ఉంచి మనిషితో పాటు పంపాలి. మంచు మీద నేరుగా పెడితే వేలు పాడైపోతుంది. ఒంటరిగా పొలానికి పోయేవాళ్లు ఏ పొలానికి వెళుతున్నారో, ఎన్ని గంటలకు వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లాలి. ఫోను సీటు పక్కన డబ్బాలో కాకుండా జేబులో, చెయ్యి అందే చోట ఉంచుకోవాలి.